ప్రకాశరావు రాసిన చంద్రకళ నవలలు

తెనాలి స్టేషను నుంచి బజారుకు వచ్చే దారిలో నాకు ఒక అద్దె పుస్తకాల షాపు ఉండేది. షాపంటే మరీ ఊహించుకోకండి. రెండు బీరువాలూ, ఒక బల్లా, నా కుర్చీ పట్టగా మిగిలిన చోట ఒక్క మనిషి నిలబడగలడు. ఇద్దరొస్తే ఒకరు రోడ్డు మీద ఉండాల్సిందే. ఆ కుర్చీలో ముప్పై ఏళ్ళు కూర్చుని నేను నేర్చుకున్నది ఒక్కటే. జనం పుస్తకం చదివే ముందు అట్ట మీద పేరు చదువుతారు. ఆ పేరు నచ్చకపోతే లోపల ఎంత గొప్పగా రాసి ఉన్నా ముట్టుకోరు. ఈ సంగతి నాలోనే దాచుకుని ఉంటే బాగుండేది. నోరు ఊరుకోక ప్రకాశరావుకు చెప్పాను. చిక్కంతా అక్కడే మొదలైంది.

ప్రకాశరావుది మా అమృతలూరే. వరసకు నాకు తమ్ముడు. ముగ్గురన్నదమ్ముల్లో ఆఖరివాడు. పెద్దవాళ్ళిద్దరూ పొలంలో దిగితే వీడు తెనాలిలో చదువుకుని, 1961లో బాపట్లలో ఒక ప్రభుత్వాఫీసులో గుమాస్తాగా చేరాడు. ఆ ఏడే వడ్లమూడి అమ్మాయి చంద్రకళతో పెళ్ళయింది. ఎనిమిదో తరగతి దాకా చదివింది. నవ్వుముఖం, నోరున్న మనిషి. పెళ్ళిచూపుల్లో మావాడు ఇంకేమీ అడక్కుండా, "నువ్వు కథలు చదువుతావా?" అన్నాడట. "తీరికుంటే చదువుతానండి" అందట ఆమె. ఆ ఒక్క మాటకే పొంగిపోయి ఒప్పుకున్నాడు. ఆ తరవాత ఆమెకు తీరిక ఎప్పుడు దొరికింది గనక!

వాడికి రచయిత కావాలని ఉండేది. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, ఒక పుస్తకం అట్ట మీద 'ప్రకాశరావు' అన్న పేరు అచ్చులో చూసుకోవాలని. ప్రమోషన్ రావాలనీ, మాగాణి పెరగాలనీ వాడు ఏనాడూ కోరుకోగా నేను వినలేదు. ఈ ఒక్క కోరికతోనే పదమూడేళ్ళు గడిపాడు.

మొదట్లో వాడు రాసినవి చదివితే నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు. గుంటూరు దాటి ఎరగనివాడు ఊటీలో ప్రేమకథ నడిపించాడు. హీరో పియానో వాయిస్తాడు. "పియానో ఎట్లా ఉంటుందిరా?" అని అడిగితే, "హార్మోనియం కన్నా పెద్దది అన్నయ్యా" అన్నాడు. ఇంకోసారి సూర్యలంక బెస్తల మీద కథ రాశాడు. అందులో హీరో సముద్రం అడుక్కి మునిగి ముత్యాలు తెచ్చి ప్రియురాలికి ఇస్తాడు. వాళ్ళ వీధికి రొయ్యపప్పు తెచ్చి అమ్మే రత్తాలును కూర్చోబెట్టి ఆ కథ చదివి వినిపించాడట. రత్తాలు బుట్ట దించకుండా అంతా విని, "మా సముద్రంలో ముత్యాలే ఉంటే నేనీ రొయ్యలు నెత్తినెట్టుకుని ఎందుకు తిరుగుతానయ్యా?" అని లేచి వెళ్ళిపోయింది. చంద్రకళ ఆ ముక్క నాకు చెప్పి చెప్పి నవ్వింది. వాడు మాత్రం వారం రోజులు రొయ్యపప్పు ముట్టలేదు.

ఆ రోజుల్లో పత్రికకు కథ పంపితే తిరుగు టపాకు స్టాంపులు కూడా జతచెయ్యాలి. నచ్చకపోతే వాళ్ళు ఆ స్టాంపులు అంటించి వెనక్కి పంపుతారు. స్టాంపులు పెడితే కథను తిరిగి రమ్మని మనమే పిలిచినట్టని ఆఫీసులో ఎవరో అన్నారట. ఆ మాట పట్టుకుని వీడు పెట్టడం మానేశాడు. దాంతో కథలు తిరిగి రావడం ఆగిపోయింది. అచ్చు కావడం మాత్రం మొదలవలేదు. అలా పోయిన కథలు ఇరవై దాకా ఉంటాయి. నకలు ఉంచుకోవాలన్న బుద్ధి కూడా లేదు మహానుభావుడికి.

రత్తాలు పుణ్యమో ఏమో, తరవాత్తరవాత ఊటీ మానేశాడు. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి వంటింటి గడప దగ్గర పీట వేసుకుని కూర్చునేవాడు. చంద్రకళ పొయ్యి ఊదుకుంటూ వీధి సంగతులన్నీ చెప్పేది. ఎవరింట్లో తోటికోడళ్ళకు మాటల్లేవో, ఏ అత్తగారు అలిగి ఏ కూతురింటికి వెళ్ళిందో. వీడు విని ఊరుకునేవాడు కాదు. "అప్పుడు ఆవిడ ఏమంది? అదే మాట అందా?" అని పోలీసులా ప్రశ్నలు వేసేవాడు. విన్నదంతా కలిపి, విడదీసి, తెల్లారి లేచి రాసుకునేవాడు. అది నేర్చుకుంటే వచ్చే విద్య కాదు. ఆమె చెప్పిన సంగతి నేను ఆమె నోటే విన్నాను, వాడు రాసిందీ చదివాను. సంగతి ఒకటే. రాసిందాంట్లో మనుషులు కళ్ళముందు తిరిగేవాళ్ళు.

1966లో ఒక ఆదివారం అలాంటి కథ ఒకటి పట్టుకుని షాపుకొచ్చాడు. రుబ్బురోలు కోసం ఇద్దరు తోటికోడళ్ళు పడే తగాదా. ఈసారి స్టాంపులు పెట్టాడు గనక మద్రాసు పత్రిక నుంచి తిరిగొచ్చింది. కవరు అంచు కూడా నలగలేదు. విప్పినవాళ్ళు మొదటి పేజీ అయినా చదివినట్టు లేదు. నేను చదివాను. కడుపు చెక్కలయ్యేలా నవ్వాను, ఆఖరి పేజీకి వచ్చేసరికి కళ్ళు తుడుచుకున్నాను. అదే సమయానికి ఒకావిడ వచ్చి, అట్ట వంక కూడా చూడకుండా, "బాబాయ్ గారూ, ఆడవాళ్ళు రాసింది ఏదన్నా ఇవ్వండి" అంది. ఏ పుస్తకమైనా ఫరవాలేదు, ఆడవాళ్ళు రాసిందై ఉండాలి, అంతే. ఆ రెండు మూడేళ్ళుగా అందరూ అలాగే అడుగుతున్నారు.

ఆమె వెళ్ళాక, "ఒరే ప్రకాశం, దీని మీద చంద్రకళ పేరు పెట్టి పంపు" అన్నాను.

"అంటే నేను చీర కట్టుకోవాలా?" అని కవరు లాక్కుని వెళ్ళిపోయాడు. పదిహేను రోజులు మొహం చూపించలేదు.

తరవాత వాడే ఇంట్లో ఆ మాట కదిపాడు. చంద్రకళ ఒప్పుకోలేదు. "నేను రాయంది నేను రాశానని ఎట్లా అంటానండీ?" అంది.

"నువ్వేం అనక్కర్లేదు. అచ్చులో ఉంటుంది, అంతే."

"అచ్చులో ఉంటే అన్నట్టు కాదా?"

చివరికి వాడి మొహం చూసి జాలిపడి ఒక షరతు మీద ఒప్పుకుంది. ఎవరైనా ఎదురుగా వచ్చి, ఇది నువ్వే రాశావా అని అడిగితే మాత్రం తను అబద్ధం చెప్పదు.

ఆమె పేరుతో పంపిన మూడు వారాల్లో పత్రిక నుంచి జవాబొచ్చింది. 'శ్రీమతి చంద్రకళ గారికి' అని మొదలుపెట్టి, కథ బాగుందనీ ఇంకా పంపమనీ రాశారు. ఆ ఉత్తరం పట్టుకుని ప్రకాశరావు బాపట్ల నుంచి బండెక్కి వచ్చేశాడు. అంత సంతోషం ఆ మొహంలో నేను అంతకుముందు చూడలేదు. నా సలహాకు నేనే మురిసిపోయాను. ఆ తరవాత ఐదేళ్ళలో చంద్రకళ పేరుతో నాలుగు సీరియల్ నవలలు వచ్చాయి. నాలుగూ పుస్తకాలయ్యాయి. మా షాపులో ఒక్కో పుస్తకం రెండేసి ప్రతులు పెట్టినా అందేవి కావు. ముందే పేరు రాయించుకుని వెళ్ళేవాళ్ళు. ఆ పుస్తకాలు ఎన్నిసార్లు బైండు చేయించానో లెక్కలేదు.

ఇక్కడ మేమిద్దరం ఊహించని తమాషా ఒకటి జరిగింది. చంద్రకళను ఎదురుగా వచ్చి ఎవరూ అడగలేదు. 'ఇది మీరే రాశారా?' అని అడిగితే కదా నిజం చెప్పేది! అందరూ 'మీరు రాసింది చదివామండి' అనేవాళ్ళు. దానికి ఏం చెప్తుంది? నవ్వి ఊరుకునేది. పైగా వీధిలో ఆడవాళ్ళు ఆమె ముందు నోరు విప్పడం మానేశారు. ఏమన్నా అంటే నవలలో ఎక్కిస్తుందేమోనని భయం. పంపు దగ్గరకు బిందె తీసుకెళ్తే అప్పటిదాకా గలగలలాడుతున్నవాళ్ళు ఠక్కున ఆపేసేవాళ్ళు.

"నాతో మనసిప్పి మాట్లాడే మనిషే లేకుండా పోయింది బావగారూ" అంది నాతో ఒకసారి. నవ్వుతూనే అంది గాని నాకు మనసు చివుక్కుమంది. 1968లో వాడికి రేపల్లె బదిలీ అయితే ఆమె ఎగిరి గంతేసింది. అక్కడ ఆరు నెలలు హాయిగా గడిచాయి. తరవాత పక్కింటావిడ పత్రికలో పేరూ ఊరూ చూసి కనిపెట్టేసింది. మళ్ళీ మొదటికొచ్చింది వ్యవహారం.

వాడికీ లోపల ఏదో తొలుస్తూనే ఉంది. పెళ్ళికో పేరంటానికో వెళ్తే, "ఈయన చంద్రకళ గారి భర్త" అని పరిచయం చేసేవాళ్ళు. "మీరేం చేస్తుంటారండీ?" అని అడిగేవాళ్ళు. 1972లో వచ్చి, "అన్నయ్యా, ఈసారి నా పేరుతో పంపుతున్నాను" అన్నాడు. నన్ను అడగలేదు, చెప్పాడు. నేను సరేనన్నాను. ఇంతకాలం రాసి చెయ్యి తిరిగింది, ఇక పేరుతో పనేముంది అనుకున్నాను. ఏళ్ళ తరబడి పుస్తకాలు తిప్పినవాడికి రావలసిన ఆలోచన కాదది.

ఈసారి ఇంకో వారపత్రికకు పంపాడు. తీసుకున్నారు. సీరియల్ మొదలైంది. మొదటి భాగం వచ్చిన పత్రిక తెచ్చి నా బల్ల మీద పెట్టి, పేరు మీద వేలు పెట్టి చూపించాడు. 'ప్రకాశరావు' అని లావు అక్షరాల్లో ఉంది. ఇద్దరం హోటలుకు వెళ్ళి మినపట్లు తిన్నాం.

ఆరో వారం ఎడిటరు దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. దాంతోపాటు బాపట్ల నుంచి ఒక పాఠకురాలు రాసిన పదకొండు పేజీల ఉత్తరానికి నకలు. ఆమె పేరు సరోజిని, ఒక బడిలో తెలుగు చెప్తుంది. ఈ ప్రకాశరావు ఎవరో చంద్రకళ గారి రచనను పచ్చిగా కాపీ కొడుతున్నాడని ఆమె ఆరోపణ. ఏ నవలలో అత్తగారు ఎలా మాట్లాడిందో, ఈ సీరియల్లో అత్తగారు ఎలా మాట్లాడుతోందో పక్కపక్కన రాసి చూపించింది. 'చంద్రకళ గారి వాక్యం ఎక్కడున్నా నేను గుర్తుపడతాను. ఈయన దొంగ' అని ముగించింది.

"చూశావా అన్నయ్యా, గుర్తుపట్టింది" అన్నాడు ప్రకాశరావు. దొంగ అన్నందుకు ఏడవాలో, గుర్తుపట్టినందుకు సంతోషించాలో తెలియక ఆ నకలు మడుస్తున్నాడు, విప్పుతున్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. వాడి చేత చంద్రకళ పేరు పెట్టించింది నేనే కదా.

సంజాయిషీ రాకపోతే సీరియల్ ఆపేస్తామని ఎడిటరు రాశాడు. అప్పుడు చంద్రకళ కాగితం తీసుకుంది. జీవితంలో ఆమె పత్రికకు రాసింది ఆ ఒక్క ఉత్తరమే. 'అయ్యా, నా పేరుతో వచ్చిన నవలలన్నీ మా వారు రాసినవే. నేను ఒక్క ముక్క రాయలేదు. వీధి కబుర్లు చెప్పాను, అంతే. ఆయన ఎవరినీ కాపీ కొట్టలేదు. ఇది నిజం' అని రాసి సంతకం చేసింది. సూటిగా, తడబాటు లేకుండా ఉంది. ఇంక అంతా సర్దుకుంటుందని ముగ్గురం అనుకున్నాం.

పత్రికవాళ్ళు ఆ ఉత్తరం అచ్చేశారు. ఆ పై వారం పాఠకుల ఉత్తరాల పేజీ నిండిపోయింది. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు కూడా నమ్మలేదు. భర్త పరువు కాపాడటానికి తన నవలలన్నీ ఆయనకు ధారపోసిన మహా ఇల్లాలు అని రాశారు. ఇలాంటి స్త్రీలు ఉండబట్టే వానలు కురుస్తున్నాయని రాశారు. సిగ్గులేని మొగుడు అని వాడిని తిట్టారు. చీరాల నుంచి ఒకావిడ అయితే, ఆ ఉత్తరం శైలి చూస్తేనే తెలుస్తోంది, నవలలు రాసిన చెయ్యి ఇదేనని తేల్చేసింది. ఎడిటరు సీరియల్ ఆపేశాడు.

ఆ ఉగాది వెళ్ళిన ఆదివారం నేను రేపల్లె వెళ్ళాను. వాడు మూడు వారాలుగా కాగితం ముట్టలేదని చంద్రకళ కబురు చేసింది. నేను కాళ్ళు కడుక్కుని కూర్చున్నానో లేదో, గుమ్మంలో రిక్షా ఆగింది. తెల్ల చీర, నల్ల కళ్ళజోడు. సరోజిని. తను ఆయన్ను దొంగ అన్నందువల్లే ఇంత రభస అయిందనీ, చంద్రకళ గారిని చూసి క్షమాపణ చెప్పుకుందామనీ వచ్చిందట. ఆమె చేతిలో బత్తాయిల సంచి కూడా ఉంది.

చంద్రకళ ఆమెను కూర్చోబెట్టి, కూర్చోబెట్టగానే చెప్పేసింది. "అమ్మా, మీరు ఎదురుగా వచ్చారు గనక చెప్తన్నా. నేను ఒక్క ముక్క రాయలేదు. మా ఆయనే రాశారు."

సరోజిని ఆమె రెండు చేతులూ పట్టుకుంది. "ఎంత పెద్ద మనసండీ మీది" అంటూ కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"మనసు కాదమ్మా. నిజం."

"నాకు తెలుసండీ. మీరు అట్లాగే అంటారు."

చంద్రకళకు కోపమొచ్చింది. మొగుడి వైపు తిరిగి, "ఏవండీ, ఇక్కడే కూర్చుని ఒక పేజీ రాసివ్వండి. పంతులమ్మగారు కళ్ళారా చూస్తారు" అంది.

ప్రకాశరావు కదల్లేదు. ఆమె మళ్ళీ చెప్తే లేచి, కాగితాలు తెచ్చుకుని కిటికీ దగ్గర కూర్చున్నాడు. అరగంట పైనే పట్టింది. రాసి తెచ్చి ఆమె చేతికిచ్చాడు. చేతిలో బత్తాయిల సంచితో రచయిత్రిని చూడ్డానికి వచ్చిన ఒక టీచరమ్మ కథ అది. ఒక్క పేజీలోనే ఆమె మొత్తం దిగిపోయింది, కళ్ళజోడు సర్దుకోవడంతో సహా. సరోజిని చదువుతూ నవ్వింది. తరవాత నవ్వు ఆపేసి మళ్ళీ మొదట్నుంచి చదివింది. అయిపోయింది, నమ్మేసింది అనుకున్నాను.

ఆమె కాగితం మడిచి ప్రకాశరావుకు ఇచ్చింది. "బాగా రాశారండి. ఇన్నేళ్ళు పక్కన కూర్చుని నేర్చుకున్నారు కదా, ఆమాత్రం రాకుండా ఉంటుందా?" అంది. మనస్ఫూర్తిగానే అంది. వెటకారం లేదు. అదే ఇంకా బాధ. ప్రకాశరావు ఆమెకు నమస్కారం పెట్టి, రిక్షా దాకా వెళ్ళి సాగనంపి వచ్చాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. వాళ్ళింట్లోనే పాఠకులందరినీ కలిపి తిట్టాను. చంద్రకళ మాత్రం బత్తాయిలు ఒలుస్తూ కూర్చుంది.

ఆగిపోయిన ఆ నవలను పుస్తకంగా వేస్తామని బెజవాడ నుంచి ఒక ప్రచురణకర్త రాశాడు. చంద్రకళ పేరుతో అయితేనే వేస్తాడట. ప్రకాశరావు పేరు ఇప్పుడు చెడిందనీ, ఆ పేరుతో అయితే రాతప్రతి తిప్పి పంపేస్తాననీ స్పష్టంగా రాశాడు. మావాడు ఆ ఉత్తరాన్ని జేబులో పెట్టుకుని నెలరోజులు తిరిగాడు. నేను వద్దన్నాను. నా సలహాలు ఎలాంటివో అప్పటికి వాడికి తెలుసు గనక వినలేదు.

"నలభై మంది మనుషులున్నారు అన్నయ్యా అందులో. వాళ్ళను పెట్టెలో పెట్టి తాళం వెయ్యలేను" అన్నాడు. ఒప్పందం మీద సంతకం చంద్రకళ చెయ్యాలి. ఆమె ఇంకో షరతు పెట్టింది. మొదటి పేజీలో తన మాట ఒకటి వెయ్యాలి: 'ఈ నవల రాసింది నేను కాదు, మా వారు ప్రకాశరావు గారు.' ప్రచురణకర్త సంతోషంగా ఒప్పుకున్నాడు. ఆ ముక్క ఉంటే పుస్తకం ఇంకా బాగా పోతుందని అతని లెక్క. అలాగే పోయింది కూడా. అట్ట మీద చంద్రకళ పేరే ఉంది.

ఆ పుస్తకం మా షాపుకొచ్చిన ఏడాదికి, 1975లో, ప్రకాశరావు ఏదో పని మీద తెనాలి వచ్చి నా దగ్గర ఆగాడు. మనిషి కొంచెం చిక్కాడు. నేను బైండింగుకు వేరుగా తీసిపెట్టిన పుస్తకాల్లో అది కనిపిస్తే చేతిలోకి తీసుకున్నాడు. అద్దె పుస్తకాల్లో జనానికి ఒక పాడు అలవాటు ఉంటుంది. పెన్సిలుతో తోచిందల్లా రాస్తారు. చంద్రకళ మాట ఉన్న పేజీలో ఎవరో రాశారు, 'ఇలాంటి ఇల్లాలు దొరకడం ఆయన అదృష్టం' అని. కింద వేరే దస్తూరీలో ఇంకెవరో 'నిజం' అని రాసి రెండు గీతలు గీశారు.

నేను సిగ్గుపడి రబ్బరు కోసం సొరుగు లాగాను. "ఉండనీ అన్నయ్యా. అదృష్టమే కదా" అని వాడు పేజీలు తిప్పుతూ పోయాడు. నూట నలభయ్యో ఎంతో పేజీ దగ్గర ఆగాడు. పెద్దకోడలు పుట్టింటివాళ్ళు పెట్టిన చీర కట్టుకోకుండా పెట్టెలో దాచుకుని, ఎవరూ లేనప్పుడు తీసి వాసన చూసుకునే చోటు అది. అంచున చాలా చిన్న అక్షరాలతో, వంకర టింకరగా, చదువు అంతంత మాత్రంగా వచ్చిన చెయ్యి ఎవరిదో రాసింది: 'మా అమ్మ ఇట్టాగే చేసేది. ఇది రాసినోళ్ళు చల్లగా ఉండాలి.'

ప్రకాశరావు ఆ అక్షరాల మీద వేలు పెట్టాడు.

"అన్నయ్యా, ఇది రాసినవాళ్ళకే కదా?"

"రాసినవాళ్ళకేరా."

"అంటే నాకే."

"నీకే" అన్నాను.

ఆ పుస్తకం చంద్రకళకు చూపించి తెస్తానని చంకలో పెట్టుకుని రేపల్లె బండెక్కాడు. మళ్ళీ తిరిగివ్వలేదు. నేనూ అడగలేదు.